ఖాదరన్న మెమో, ఆళ్లగడ్డ టైలర్ షాపు

సంబంధిత అధికారులకు, వారి పై అధికారులకు, ఆ పైన ఇంకెవరైనా ఉన్నట్లయితే వారికి కూడా సవినయంగా తెలియజేయునది ఏమనగా:

మా ఖాదర్ వలి నిన్న ఉదయం నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సెక్కి కూర్చుని, బస్సు కదలకముందే కన్నుమూశారు. హార్ట్ ఎటాక్ అన్నారు.

నాకు ఫోన్ చేసింది కండక్టర్. ఆయన ఫోన్‌లో చివరి కాల్ నాకేనట.

"సార్, ఈయప్ప మీకేమైతాడు?" అని అడిగాడు.

"కొలీగ్" అన్నాను.

ఫోన్ పెట్టేశాక ఆ మాట చాలదని తెలిసింది. పదిహేనేళ్లు ఒకే కంపెనీలో కలిసి పనిచేసిన మనిషికి అప్పటికి వేరే మాట దొరకలేదు.

తెలియనివారి కోసం: మేమిద్దరం ఒక పెద్ద మందుల కంపెనీలో మెడికల్ రెప్‌లం. డాక్టర్లను కలిసి మా మందుల గురించి చెప్పడం మా ఉద్యోగం. ఆయనకు ఆళ్లగడ్డ వైపు, నాకు కోవెలకుంట్ల వైపు.

ఒకప్పుడు నెలకోసారి నంద్యాలలో మీటింగ్ జరిగేది. టార్గెట్ రానివాణ్ని మేనేజర్ అందరి ముందూ తిట్టేవాడు. తిట్టి, తన పక్కనే కూర్చోబెట్టుకుని భోజనం పెట్టించేవాడు.

ఇప్పుడు తిట్లు లేవు. మెయిల్స్ ఉన్నాయి. ప్రతి మెయిలూ "ప్రియమైన కుటుంబ సభ్యులారా" అని మొదలై, "లేనిచో తగు చర్య తీసుకొనబడును" అని ముగుస్తుంది.

పోయిన సంవత్సరం ఉద్యోగుల సంతోషం మీద సర్వే పెట్టారు. నిర్భయంగా చెప్పమన్నారు. పైన పేరు, ఎంప్లాయీ నంబర్ తప్పనిసరి.

అందరం అయిదుకు అయిదు ఇచ్చాం. ఖాదరన్న మూడిచ్చాడు.

మరుసటి రోజే హెచ్ఆర్ నుంచి ఫోన్. మూడే ఎందుకు ఇచ్చారు, మిగతా రెండు ఎక్కడ తగ్గాయని అడిగారట.

"మేడమ్, ఆ మూడు గూడా మొహమాటానికి ఇచ్చినా" అన్నాడట మా అన్న.

ఇక అసలు విషయం.

మాకొక యాప్ ఇచ్చారు. డాక్టరును కలిశాక, ఆ క్లినిక్ దగ్గరే నిలబడి బటన్ నొక్కాలి. వేరే చోట నిలబడితే బటన్ పనిచేయదు.

ఆళ్లగడ్డలో ఒక పిల్లల డాక్టరు పాత వీధి నుంచి మెయిన్ రోడ్డుకు మారారు. డాక్టరు మారారు గానీ, యాప్‌లో క్లినిక్ మారలేదు. అడ్రస్ మార్చమని ఖాదరన్న నాలుగుసార్లు రిక్వెస్ట్ పెట్టాడు. నాలుగుసార్లూ "పరిశీలనలో ఉన్నది" అని వచ్చింది.

పాత క్లినిక్‌లో ఇప్పుడు లేడీస్ టైలర్ షాపు ఉంది.

కాబట్టి ఆయన మెయిన్ రోడ్డులో డాక్టరును కలిసి, పాత వీధికి నడిచివెళ్లి, టైలర్ షాపు ముందు నిలబడి బటన్ నొక్కేవాడు. ఒకసారి నేనూ వెంట వెళ్లాను.

"ఏందన్నా, నొక్కను వచ్చినావా? కూచో, సిగ్నల్ వచ్చేదాకా" అని టైలర్ స్టూల్ జరిపాడు. కుట్టు ఆపలేదు.

మా అందరికీ ఇలాంటి చోటు ఒకటుంది. నాది కోవెలకుంట్లలో కోళ్ల దాణా అంగడి.

పోయిన నెల పైనుంచి ఒక అధికారి తనిఖీకి వచ్చారు. యాప్ చూపించిన చోటికి వెళ్లారు. అక్కడ డాక్టరు లేరు, జాకెట్లు ఉన్నాయి. మెయిన్ రోడ్డు దాకా నడవవలసిన అవసరం ఆయనకు కనిపించలేదు. అది యాప్‌లో లేదు గదా.

మొన్న ఖాదరన్నకు మెమో వచ్చింది. డాక్టరును కలవకుండానే కలిసినట్లు దొంగ రిపోర్టులు రాశారని అభియోగం. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి.

ఆ సాయంత్రం ఆన్‌లైన్ మీటింగ్‌లో మేనేజర్ అడిగారు, ఆ డాక్టరు మారిన సంగతి ఇంకెవరికైనా తెలుసా అని.

పద్నాలుగు మందిమి ఉన్నాం. అందరం మ్యూట్‌లో ఉన్నాం.

నిన్న ఆయన ఆళ్లగడ్డకు బయల్దేరింది మందులు చెప్పడానికి కాదు. కొత్త అడ్రస్ నిజమేనని డాక్టరు చేత లెటర్ రాయించుకోవడానికి. బస్సెక్కి నాకు ఫోన్ చేశాడు.

"నువ్వు గూడా ఒక మాట రాసియ్యి అబ్బీ. నీకు తెలుసు గదా."

చూద్దాంలే అన్నా, అన్నాను.

నిన్న సాయంత్రం అస్ర్ నమాజు తరువాత ఖననం అయింది. మేనేజర్ ఫోన్ చేసి సానుభూతి తెలిపారు. ఆ మెమో ఏమవుతుందని అడిగితే, "సంజాయిషీ అందలేదు" అని రాసి ఫైల్ క్లోజ్ చేస్తారన్నారు. అంటే అభియోగం అలాగే ఉంటుంది. జవాబు చెప్పవలసిన మనిషి మాత్రం ఉండడు.

ఖాదరన్న వాళ్ల అబ్బా నంద్యాలలో గడియారాలు బాగుచేసి పెద్ద చేశారు ఆ కొడుకును. ఖబరస్తాన్ నుంచి వచ్చాక నన్ను పక్కకు పిలిచి, కొడుకు బ్యాగులో దొరికిన మెమో తీసి ఇచ్చారు.

"ఇంగ్లీషులో ఉండాది. సదువప్పా."

చదివి, తెలుగులో చెప్పాను.

"నా కొడుకు దొంగ రాతలు రాసినాడంటాండారా?"

కాదు చాచా అని మొత్తం చెప్పాను, టైలర్ షాపుతో సహా. ఆయన చివరిదాకా విన్నారు.

"ఇదంతా నీకు ముందే తెలుసునా?"

తెలుసన్నాను.

"మరి ఆడ చెప్పలేదేందప్పా?"

ఆయన కోపంగా అడగలేదు. పక్కింటివాళ్లు తెచ్చిన టీ నాకూ ఇప్పించారు. మెమోను మడిచి తన జేబులో పెట్టుకున్నారు.

పోయిరా ఖాదరన్నా. ఇంక నిన్ను యాడుండావని ఎవరూ అడగరు. అల్లా నీకు నిమ్మళమైన చోటు ఇవ్వాల.

ఇందుమూలముగా అధికారుల ముందు దాఖలు చేయు డిమాండ్లు:

1. ఖాదర్ వలికి ఇచ్చిన మెమోను ఉపసంహరించాలి. ఆ ఉత్తరువును ఆయన తండ్రి స్వయంగా చదువుకోగలిగేలా తెలుగులో ఇవ్వాలి.

2. డాక్టరు మారిన సంగతి నాకు తెలుసు. అడిగినప్పుడు నేను చెప్పలేదు. ఈ మాటను నా పేరుతో, నా ఎంప్లాయీ నంబర్‌తో, ఆయన ఫైలులో చేర్చాలి.