నాయన ఖాకీ సాక్సు

ఆత్మకూరు బస్టాండు దగ్గర ఒక అంగట్లో ఎర్ర క్రిస్మస్ సాక్సులు వేలాడుతున్నాయి. చిన్నప్పుడు మా ఉదయగిరి ఇంట్లో అయితే నాయన హోంగార్డు డ్యూటీకి వేసుకునే ఖాకీ సాక్సే. అమ్మ దాన్ని ఉతికి కిటికీ ఊచకు కట్టేది. తెల్లారేసరికి అందులో రెండు కొయ్య బొంగరాలు ఉండేవి, పాత పేపర్లో చుట్టి, అన్నం మెతుకులతో అంటించి. మన ఈడు వాళ్ళకు గుర్తుంటుంది, అప్పట్లో ఇళ్ళలో గమ్ము ఎక్కడిది? నేను ముందే లేచి కాగితం చింపబోతే అవ్వ చెయ్యి పట్టుకునేది.

"ఉండ్రా, తమ్ముణ్ణి లేవనీ. వాడు చూడకుండా విప్పితే నీకేం బాగుంటాది?"

తమ్ముడు పోయాక ఇదే మొదటి క్రిస్మస్. పొద్దున చర్చిలో పిల్లలు నా చేతిలోనూ ఒక పొట్లం పెట్టారు. గదికి తెచ్చి బల్ల మీద ఉంచాను. సాయంత్రమైంది. ఇంకా విప్పలేదు.