పోయిందని చెప్పే గొంతు

ఈ ఉదయం మిల్లు ఆఫీసులో ఒక వ్యాపారికి మెయిలు రాయబోయి, చిరునామా దగ్గర మొదటి అక్షరం కొట్టానో లేదో, ఇయర్‌ఫోన్‌లో ఆ ఎత్తుపల్లాలు లేని గొంతు ‘సుబ్బరాయుడు సార్’ అంది. వేళ్ళు అక్కడే ఆగిపోయాయి. నాకు చూపు లేదు. తెర మీది అక్షరాలన్నీ స్క్రీన్ రీడరే చదివి వినిపిస్తుంది. దానికి మంచీ చెడూ తెలియదు, మనిషి ఉన్నాడో లేడో అంతకన్నా తెలియదు. సార్ పోయి ఏడాది దాటింది. ఆ అక్షరం కొడితే చాలు, ఆయన పేరు మాత్రం నా కంప్యూటరులో అందరికన్నా ముందొచ్చి నిలబడుతుంది.

నంద్యాలలో ఈ బియ్యం మిల్లులో లెక్కలు రాయడానికి చేరినప్పుడు నాకు చూపు బాగానే ఉండేది. తర్వాత అంచుల నుంచి మసకబారుతూ వచ్చి, చివరికి తెర మీది అక్షరం కూడా అందకుండా పోయింది. కంటి ఆసుపత్రి రిపోర్టు మెయిలులో వస్తే మా క్యాషియరు లక్ష్మన్నను చదవమన్నాను. పాపం, మనసు మంచిదే, గొంతే పెద్దది. చూపు ఇక తిరిగి రాదన్న మాట నాతోపాటు హమాలీలూ, లారీ డ్రైవరూ అందరూ విన్నారు. నేను ఏడవకముందే వాళ్ళు అయ్యో అన్నారు. నా కష్టాన్ని నేను ఒక్క నిమిషమైనా నాలోనే దాచుకోలేకపోయాను. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఆళ్లగడ్డలో సుబ్బరాయుడు సార్ చూపులేనివాళ్ళకు కంప్యూటరు నేర్పుతారని విని నాయన నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కాడు. ఆయనకు పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఇల్లు శిల్పులు పనిచేసే వీధి వెనకే. బయట రోజంతా ఉలి చప్పుడు, లోపల కాళ్ళ కింద బేతంచెర్ల బండల చల్లదనం. కూర్చోగానే అలవాటుగా మౌసు కోసం తడుముకున్నాను. సార్ ఆ చప్పుడు విని, దాని తీగ పీకి నాయన చేతిలో పెట్టేశారు. “ఇది కండ్లున్నోళ్ళ చేతికట్టె పాపా, మనకెందుకు?” అన్నారు. చూపు పోయాక నేను నవ్వడం అదే మొదలు.

ఆయన దగ్గర మెయిలు ప్రోగ్రామును ఎంచుకోవడమంటే పెళ్ళిచూపుల తంతే. మొదట మా మిల్లులో అందరూ వాడేది పెట్టారు. చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉంటుందట. నాకు మాత్రం ఏది నొక్కినా ‘బటన్, బటన్’ అంటుందే తప్ప అది జవాబుకో చెరిపెయ్యడానికో చెప్పి చావదు. నోరుండీ పేరు చెప్పనిదాంతో కాపురమేందని సార్ దాన్ని మూయించారు. ఇంకోదాంట్లో అసలు ఉత్తరం దగ్గరికి చేరేలోపు సంతంతా తిరిగి రావాల్సి వచ్చింది. చివరికి ఒక పాతకాలపుది దొరికింది. బాణం కీ నొక్కితే ఎవరు రాశారో, దేని గురించో చెప్పింది. ఎంటర్ కొడితే నేరుగా ఉత్తరం. ఒకటి చెరిపి చూడమన్నారు. చెరిపాను. ‘తొలగించబడింది’ అంది గొంతు. సార్ తృప్తిగా తొడ మీద చరుచుకున్నారు.

“పోయిందాన్ని పోయిందని చెప్తాంది. ఇదే నమ్మకమైంది.”

తర్వాత నన్ను ఇయర్‌ఫోన్ పెట్టుకోమని, తన గదిలోంచి ఒక మెయిలు పంపారు. మీ నాయన గురక బస్సు హారన్ మాదిరుంది, అసలు బస్సు పోయేలోపు లేపు అని అందులో ఉంది. పకపకా నవ్వాను. నాయన ఉలిక్కిపడి లేచి, ఏందమ్మా అన్నాడు. ఏం లేదన్నాను. అంత చిన్న ‘ఏం లేదు’ కోసం ఎన్నాళ్ళు అల్లాడానో నాకే తెలుసు.

ఆ ప్రోగ్రాముతోనే ఉద్యోగం నిలబెట్టుకున్నాను. సార్‌కూ నాకూ మధ్య కబుర్లన్నీ దాంట్లోనే నడిచేవి. ఒక మధ్యాహ్నం, మిల్లు హోరుమంటూ ఆడుతుండగా, ఆయన నుంచి మెయిలు వచ్చింది. ఏదో వేళాకోళం అనుకుని వేగంగా చదివించాను. అర్థమైంది, కానీ నమ్మబుద్ధి కాలేదు. గొంతు వేగం తగ్గించి మళ్ళీ విన్నాను.

“డాక్టరు ఇంక లాభం ల్యాదన్న్యాడు. ఇంట్లో ఇంకా చెప్పల్యా. ఎవరికన్నా చెప్పుకోవాల గదా, నీకు రాస్తాండా. నువ్వైతే ఎవుర్తోనూ చదివించుకోవు.”

చుట్టూ అందరూ ఎవరి పనిలో వాళ్ళున్నారు. కళ్ళు తుడుచుకోవడం చూశాడేమో, లక్ష్మన్న ఏమైందని అడిగాడు. తవుడు దుమ్ము పడిందన్నాను. ఆ దుఃఖం సాయంత్రం దాకా నా ఒక్కదానిదే. ఆదివారం ఆళ్లగడ్డ వెళ్తే, సార్ నా చెయ్యి పట్టుకుని, గట్టిగా వినిపించిందా అని అడిగారు. లేదు సార్, నా చెవికే వినిపించింది అన్నాను. సరే అన్నట్టు చెయ్యి నొక్కారు. ఆ వేసవి ఆయన దాటలేదు.

లేని మనిషి పేరు ఎందుకు, తీసెయ్యరాదా అని లక్ష్మన్న అంటాడు. ఒక్క కీ పని. కానీ నొక్కితే ఈ ప్రోగ్రాము ఊరుకోదు, పోయిందని నా చెవిలో చెబుతుంది. అలా చెబుతుందనే కదా సార్ దీన్ని ఎంచింది. ఆ ఒక్క మాట నేను వినలేను. ఈ ఉదయం కూడా ఆయన పేరు పూర్తిగా పలకనిచ్చి, కింది బాణం నొక్కి వ్యాపారి పేరు దగ్గరికి వెళ్ళాను.