విరిగింది ఏ రెక్క?

ఫ్యాన్ల కార్ఖానాలో ఆమె అందరికీ పెద్దక్క. పంతొమ్మిదేళ్లుగా ఫ్యాన్లకు రెక్కలు బిగిస్తోంది. రెక్కలు ముక్కలు చేసుకుని ఇద్దరు పిల్లల్ని పెంచుకొస్తోంది, చిన్నదానికి ఇంకా రెక్కలు రాలేదు. పెద్దక్క నోరు మాత్రం పెద్దదే. రెక్క పట్టుకుని బయటికి గెంటుతానని ఓసారి మేస్త్రీ అంటే, పట్టుకుని చూడమంది. ఆయన పట్టుకోలేదు.

మొన్న సోమవారం రేకులు వంచే యంత్రం ఆమె కుడిచేతిని నొక్కేసింది. దానికి అడ్డుజాలీ లేదని మూడు నెలలుగా మొత్తుకుంటూనే ఉంది, విన్న పాపాన పోయినవాడు లేడు. పక్కనే పనిచేసే తోడికోడలు మేస్త్రీకి ఫోన్ చేసి, రెక్క విరిగింది, తొందరగా రమ్మంది.

"విరిగితే తుక్కులో పడేసి ఇంకోటి బిగించండి. దానికీ నేనే రావాలా?" అని ఆయన పెట్టేశాడు. మళ్లీ ఎత్తలేదు. పెద్దక్క గంటసేపు నేలమీద కూర్చుని పళ్లు బిగబట్టింది.

నాలుగో రోజు కట్టుతో ఆఫీసుకు వెళ్లింది. ప్రమాదాల పుస్తకంలో దెబ్బ సంగతి ఎక్కితేనే, చెయ్యి అతికేదాకా ఆమె ఉద్యోగం నిలుస్తుంది. లేకపోతే చెప్పకుండా మానేసినట్టు లెక్క. పుస్తకంలో మేస్త్రీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిపెట్టాడు: "రెక్క ఒకటి విరిగినది. మార్చబడినది." మార్చడమూ నిజమే, ఆమె పీటమీద అప్పుడే కొత్తమ్మాయి కూర్చునుంది. పెద్దక్కకు ఒళ్లు మండిపోయింది.

తనకు చెప్పిందే రాశానని, రాసింది మార్చడం కుదరదని మేస్త్రీ నసిగాడు. రెక్కంటే ఫ్యాన్‌దే అనుకున్నాడట! ఆ తర్వాతైనా తెలియలేదా? తెలిసింది. తెలిసే ఊరుకున్నాడు, పుణ్యాత్ముడు.

విరిగిన ప్రతి రెక్కనూ నంబరు వేసి తుక్కుగదిలో పెట్టాలన్నది ఆయన పెట్టిన రూలే.

"అయితే ఆ రెక్క తెచ్చి చూపించు," అంది. ఇన్నేళ్లలో 'గారు' ఊడిపోవడం అదే మొదటిసారి.

ఆయన తుక్కుగది వైపు చూశాడు, కదల్లేదు. చివరికి కలం తీసి, పాత వాక్యం కొట్టేసి, తలెత్తకుండా అడిగాడు.

"ఏ చెయ్యి?"

తెల్లటి కట్టు బల్లమీద ఆయన ముక్కు కిందే ఉంది.

"పంతొమ్మిదేళ్లు నీకు చాకిరీ చేసిన చెయ్యి. రాసుకో."