పదకొండు చాయ్ పేజీలు

ముందే ఒప్పుకుంటున్నాను: నేను కోతలు కోస్తాను. చిక్కడపల్లిలో చినుకు పడితే అశోక్ నగర్‌కు పడవలు వేయిస్తాను. మా ఇంట్లోవాళ్లు నేను చెప్పినదాన్ని పదితో భాగించి నమ్ముతారు. మీరూ అలాగే కానివ్వండి.

ఒక వారపత్రిక నా కథను రెండుసార్లు తిప్పి పంపింది. "శుక్రవారంలోగా బాగుచేసి పంపండి, లేకుంటే ఇక వదిలేద్దాం" అన్నాడు ఎడిటర్. నా పేరు అచ్చులో కనిపించి ఆరేళ్లయింది. ఇది కూడా పోతే రాయడం మానేస్తానని ఇంట్లో ప్రకటించాను. ఎవరూ వద్దనలేదు. అప్పుడు భయమేసింది.

సోమవారం లైబ్రరీలో కూర్చుని, వాక్యం ఎలా పలుకుతుందో చూద్దామని ఒక్క లైను పైకి చదివాను. గ్రూప్ పరీక్షలకు చదువుతున్న నలభై వేల మంది ఒక్కసారిగా తల తిప్పారు.

"అన్నా, జర బయట చదువుకో అన్నా. నెల రోజుల్ల ఎగ్జాముంది" అన్నాడొకడు.

బయటపడి, జనం ఎగబడి చూస్తున్న సినిమాకు మ్యాట్నీ టికెట్ కొన్నాను. కథ నడపడం ఎలాగో నేర్చుకుందామని నోట్‌బుక్ కూడా తీశాను. మొదటి పాట మొదలవగానే సగం హాలు లేచి క్యాంటీన్‌కు పోయింది. పోతూ పోతూ నన్నూ తోసుకుపోయింది.

క్యాంటీన్ నడిపే ఆవిడది దాదాపు నా వయసే.

"సినిమా ఎట్లుందక్కా?" అన్నాను.

"నేనేడ చూసిన? ఇరవై ఏండ్ల సంది ఒక్క పిక్చర్ చూడలె. వింట, గంతే." హాలు తలుపు వైపు చెయ్యి చూపింది. "పాటలప్పుడు చాయ్ అమ్ముడు పోతే ఫికర్ లేదు. ఏడుపు సీన్ల గూడ చాయ్‌కొచ్చిన్రనుకో, గా పిక్చర్ వారం దాటది."

పాట అయిపోయి జనం లోపలికి వెళ్లాక, సంచిలోంచి నా కథ తీశాను. "జర నాదొకటి వింటవా అక్కా?"

"చదువు. నా పని మాత్రం ఆగది."

కథలో ఒక రిటైర్డ్ గుమాస్తా నారాయణగూడలో బాల్కనీలో కూర్చుని వాన చూస్తుంటాడు. రెండో పేజీకి ఆవిడ గ్లాసులన్నీ కడిగేసింది. నాలుగో పేజీకి సమోసాలకు రెండు క్వింటాళ్ల ఉల్లిగడ్డలు తరిగింది. ఏడో పేజీలో, నేను ప్రాణం పెట్టి రాసిన మేఘం దగ్గర, ఫోన్లో చుట్టాలందరి క్షేమం కనుక్కుంది. పదకొండో పేజీకి పొయ్యి మీద పాలు పెట్టింది.

పన్నెండో పేజీలో ముసలాయనకు గుర్తొస్తుంది: చనిపోయిన భార్యది మిగిలిన ఒకే ఒక్క ఫొటో, తాము ఖాళీ చేసిన అశోక్ నగర్ ఇంటి గూట్లోనే ఉండిపోయింది. తెల్లారితే ఆ ఇల్లు కూలగొడతారు. ఆయన చెప్పులేసుకుంటాడు.

చుయ్యిమని చప్పుడు. తలెత్తి చూశాను. పాలు పొంగి, పొయ్యి ఆర్పేసి, నారాయణగూడ ఫ్లైఓవర్ దాకా పారుతున్నాయి. ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

"దొరికిందా లేదా?"

"ఏంది?"

"ఫొటో అన్నా! ఆపినవేంది, చదువు!"

చివరిదాకా చదివాను. అప్పుడు గానీ ఆవిడ పొయ్యి వైపు చూడలేదు.

"ఇరవై ఏండ్లల్ల ఒక్కపారి పాలు పొంగనియ్యలె. నువ్వు పొంగిచ్చినవ్. గాడ మొదలైతది నీ కథ. ముందటి పదకొండూ చాయ్ పేజీలు."

"గవి నా మంచి వాక్యాలక్కా! వానను ఎంత మంచిగ రాసిన!"

"వానకేం గావాలె? ఏం అక్కర్లే. ముసలాయనకు ఫొటో గావాలె. మరి ఆయనను పదకొండు పేజీలు కుర్చీల గూసోబెట్టినవేంది?"

నేను కాలేజీల్లో కథారచన మీద ఉపన్యాసాలిచ్చిన మనిషిని. 'పాత్రకు ఒక కోరిక ఉండాలి' అని బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు కూడా గీసినవాణ్ని. ఇరవై ఏళ్లుగా ఒక్క సినిమా కూడా చూడని మనిషి, పొంగిన పాలు తుడుచుకుంటూ, పదకొండు పేజీల దాకా నా పాత్రకు కోరికే లేదని నాకు చెప్పింది!

అక్కడికక్కడే చేతులు జోడించాను. ఆ పదకొండు పేజీలూ ఆమె ముందే చింపేశాను. ముసలాయన చెప్పులేసుకునే చోట కథ మొదలుపెట్టి గురువారమే పంపాను. మర్నాడు ఎడిటర్ ఫోన్ చేశాడు: "ఇన్నాళ్లూ దీన్ని ఎక్కడ దాచారండీ?" వచ్చే సంచికలో వేస్తున్నారు.

ఇందులో కల్పించింది ఏమిటంటే, పాలు కాదు. పాలు నిజంగానే పొంగాయి. చేతులు జోడించడమే అబద్ధం. "సమోసాలు వేయించేటోళ్లకు కథలేం దెలుస్తయి" అనేసి, ఆమె ఇచ్చిన చాయ్ సగంలో వదిలేసి వచ్చాను. పేజీలు చింపింది మూడు రోజుల తర్వాత, ఇంట్లో, తలుపేసుకుని. కథ అచ్చవుతోందని ఆమెకు ఇంకా చెప్పలేదు. ఆ థియేటర్ మీదుగా పోవాల్సి వస్తే రోడ్డు దాటి అవతలి వైపు నడుస్తున్నాను.