ఏడు వచ్చేదాకా జాడించిన చీర

మొన్న శుక్రవారం. ఇల్లు ఊడ్చాను, రెండు పూటలకూ వండాను, బియ్యం ఏరాను. కోరుట్లలో మా పెరట్లో, రంగు వేసిన నూలు చీర జాడిస్తుంటే సిరిసిల్ల నుంచి ఫోన్. చాచా పోయారు. జుమ్మా నమాజు కాగానే తీసుకెళ్తారట.

చాచా మాకు చుట్టం కాదు. సిరిసిల్లలో అద్దెకున్నన్నాళ్లూ పక్కింటాయన, నూలుకు రంగులద్దే కార్ఖానాలో మేస్త్రీ. ఇంట్లో ఉన్నా ఆయన జేబులో సన్నటి కాగితపు పట్టీలుండేవి. పప్పుచారులోనూ ముంచి చూసేవారు. "తినుర్రి, పరీక్షలు పెట్టకుర్రి!" అని ఆయన భార్య, మా చాచీ, కసిరేది.

నాకు రంగు వేయడం నేర్పింది ఆయనే. ఆ కాగితం నిమ్మరసంలో ఎర్రబడితే పీహెచ్ రెండు. మంచినీళ్లలో ఆకుపచ్చగా మారితే ఏడు. బట్టల సోడా నీళ్లలో నీలమైతే పదకొండు. ఏడుకు కింద ఆమ్లం, పైన క్షారం. బట్ట రంగును పట్టాలంటే సోడా కావాలి, పట్టాక ఆ సోడా పోవాలి. ఓసారి నేను తొమ్మిది దగ్గరే జాడించడం ఆపేశాను.

"రెండే గద చాచా తేడా!"

"గది నీ కిరాణా లెక్క బేటీ. ఈడ ఒక్కో మెట్టు పదింతలు. రెండు మెట్లంటే నూరింతలు. గీ గుడ్డ పసిపోరి ఒంటికి సుట్టి సూడు, మంట తెలుస్తది."

కిరాణా కొట్టు పద్దులు రాసే నాకు ఆ లెక్క తలకెక్కడానికి చాన్నాళ్లు పట్టింది. ఎక్కాక మాత్రం నా చేతిలో ఒక్క బట్టా పాడవలేదు.

శుక్రవారం నేను జాడిస్తున్నది పక్కింటి పాపకు ఆ సాయంత్రం తొట్టెలగా, అంటే ఉయ్యాలగా కట్టే చీర. పదిన్నరకు జగిత్యాల బస్సు, అక్కడ ఇంకోటి మారాలి. కాగితం ముంచాను. తొమ్మిది. గడియారం చూశాను, మళ్లీ కాగితం చూశాను.

"ఇగ సాలు తియ్ బిడ్డా, బస్సు పోతది," అంది పాప నాయనమ్మ.

"సాలదు అత్తమ్మా."

నీళ్లు మార్చాను, వెనిగర్ చుక్కలు వేశాను. ఎనిమిది. మళ్లీ మార్చాను. ఏడు వచ్చేసరికి బస్సు వెళ్లిపోయింది.

సిరిసిల్ల చేరేసరికి మగవాళ్లు కబరస్తాన్ నుంచి తిరిగొస్తున్నారు.

"నీ కోసం అరగంట ఆపిండ్రు బేటీ. ఏడ వోయినవ్?" అంది చాచీ.

చెప్పాను. ఆమె రంగంటిన నా వేళ్లు పట్టుకుని చూసింది.

"పసిపోరి చీరనా?"

"ఔ చాచీ."

"గట్లయితే ఆయనే నిన్ను బస్సు ఎక్కనియ్యకపోతుండె," అని కొంగుతో మొహం తుడుచుకుంది.

నాకు కూర్చోబుద్ధి కాలేదు. వాకిట్లోకి వచ్చాను. ఆయనకు స్నానం చేయించిన నీళ్ల తడి ఇంకా ఆరలేదు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ దాన్ని తొక్కకుండా గోడవారగా నడుస్తున్నారు.