రెప్ప వేయని చూపు

డెబ్బైల్లో ఒకసారి, ఎడారి దేశంలో పనిచేసే రోజుల్లో, బహ్లా ఊరు దాటాక వానకు నానిన కొండవాలు దారి మీదికి రాళ్లు రాల్చింది. డ్రైవర్ మమ్మల్ని దింపేసి బండి వెనక్కి తిప్పాడు. నాతో దిగిన కాశ్మీరీ ముసలాయన బండిలోంచి దింపుకున్న పారల్లో ఒకటి నాకిచ్చి, తనొకటి పట్టుకున్నాడు.

"మా కొండల్లో మంచూ ఇంతే బేటా. పాతదాని మీద కొత్తది పట్టు లేకుండా ఉంటుంది, అడుగు పడితే మొత్తం జారుతుంది. ఒక్కొక్కరే దాటాలి. రెండోవాడు రెప్ప వేయకుండా చూడాలి."

"దిష్టి పెట్టడానికా చాచా?"

"ఎక్కడ కూరుకుపోయావో తెలిస్తేనే కదా తవ్వేది!"

ఒక్కో రాయి చూసుకుంటూ దాటి వెనక్కి తిరిగాను; ఆయన చూపు ఇంకా నా మీదే ఉంది. మా నాన్న కూడా నన్నంత శ్రద్ధగా చూడలేదు.

తర్వాత ఆయన బయల్దేరాడు. సగం దారిలో పైనుంచి రాళ్లు దొర్లాయి. పార బిగించి పట్టుకుని, కళ్లు మండుతున్నా చూస్తూనే ఉన్నాను.

ఆయన వచ్చి నా భుజం తట్టాడు. "ఇక రెప్ప వేయి బేటా. వచ్చేశాను."