చతుర్దశి నాటి సముద్రం

మొన్న ఉగాదికి ముందు మా పెద్దమ్మ కోడలు ఇల్లు సర్దుతూ ఒక మూటెడు పాత పంచాంగాలు మా ఇంటికి పంపింది. పాత కాగితాలు కొనే రద్దీవాడికి వేయడానికి చేతులు రాలేదట, ఉంచుకోవడానికి చోటు లేదట. ఇలాంటివన్నీ చివరికి నా దగ్గరికే చేరతాయి. బ్యాంకు ఉద్యోగం అయిపోయాక నేను ఖాళీగా ఉన్నానని రాయచూరంతటికీ తెలుసు. మూటలో ఒక్క పంచాంగం మాత్రం ఉబ్బిపోయి, పేజీలు అప్పడాల్లా ముడతలు పడి, ఎంత నొక్కినా మూతపడనని మొరాయించింది. అది మాతో ఓడెక్కి వచ్చిన పంచాంగం.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. గబ్బూరులో పుట్టి, పెళ్లితో రాయచూరు చేరింది. పెదనాన్నకు గంజ్‌లో, అంటే పంటలు అమ్మే బజారులో, పత్తి కమీషన్ దుకాణం ఉండేది. పెళ్లయిన ఏడాదే ఆయన, ఈ సీజన్ అయిపోనీ, రామేశ్వరం పోయి సముద్రస్నానం చేద్దాం అన్నాడట. పత్తి అయ్యాక పల్లీలు వచ్చేవి, పల్లీలు అయ్యాక కందులు వచ్చేవి, కందులు అయ్యేసరికి మళ్లీ పత్తి విత్తనాల మాటలు మొదలయ్యేవి. నలభై ఏళ్ల పాటు సీజన్ అవలేదు. ఒక మధ్యాహ్నం దుకాణంలో, దిండుకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఆయనే అయిపోయాడు. ఈ సంగతి చెప్పేటప్పుడు పెద్దమ్మ ఏడ్చేది కాదు. "మీ పెదనాయన ఒక్కనాడు సుత అబద్ధమాడలె. సీజనే అబద్ధమాడింది" అనేది, బియ్యంలో రాళ్లు ఏరుకుంటూనే.

నాకు పదవీ విరమణ అయిన సంవత్సరం నేనూ మా ఆవిడా బొంబాయి నుంచి లక్షదీవులకు వెళ్లే ఓడకు టిక్కెట్లు తీసుకున్నాం. మర్యాదకు చెప్పి వద్దామని పెద్దమ్మ ఇంటికి వెళ్తే, "నేను సుత వస్త" అంది. అప్పటికామెకు ఎనభై. మర్యాదలు అతిగా పాటిస్తే ఇలాగే ఉంటుందని మా ఆవిడ దారంతా అంటూనే ఉంది. పెద్దమ్మ సామాను చిన్నదే: నాలుగు చీరలు, ఒక డబ్బా కరకరలాడే కడక్ జొన్నరొట్టెలు, పల్లీల పొడి, పంచాంగం. ఓడలో ఇరవై రకాల వంటకాల మధ్య కూర్చుని ఆమె తన రొట్టె విరుచుకుని తినేది. వడ్డించే అబ్బాయికి జాలిపడి ఒక ముక్క పెట్టింది. మర్నాడు వాడే వచ్చి అడిగి తీసుకున్నాడు.

ఇక్కడ పెద్దమ్మ అత్తింటి నియమం ఒకదాని గురించి చెప్పాలి. సముద్రాన్ని పున్నమికో అమావాస్యకో తప్ప ముట్టుకోకూడదు. ఈ నియమం పెద్దమ్మకు వాళ్లత్తగారి నుంచి వచ్చింది, ఆ అత్తగారికి వాళ్లత్తగారి నుంచి. వాళ్లలో ఎవరూ సముద్రాన్ని చూసిన పాపాన పోలేదు. మా జిల్లాకు ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క తుంగభద్ర. సముద్రం చూడాలంటే ఒక రాత్రంతా రైల్లో కూర్చోవాలి. అయినా ఇంత కట్టుదిట్టం. నేను టిక్కెట్లు కొన్నప్పుడు తగ్గింపు ధర చూశాను గానీ తిథి చూడలేదు. రెండో రోజు డెక్కు మీద కూర్చుని పెద్దమ్మ పంచాంగం తెరిచింది. దీవిలో దిగే రోజు చతుర్దశి, సాయంత్రం 4-20 వరకు. తర్వాత అమావాస్య. ఆ అమావాస్యంతా మేం నడిసముద్రంలో, నీళ్లకు పది అంతస్తుల పైన ఉంటాం. పెద్దమ్మ కళ్లజోడు తీసి నా వైపు చూసింది. "బ్యాంకుల గిట్లనే చేసినవా నౌకరి?"

దీవి దగ్గర నీళ్లు లోతు తక్కువ కాబట్టి ఓడ దూరంగానే ఆగింది. చిన్న పడవల్లో ఒడ్డుకు చేర్చారు. పొద్దున సముద్రం బుద్ధిగా ఉంది, పెద్దమ్మ మీద చుక్క కూడా పడలేదు. దిగాక ఓడలోవాళ్లంతా ఆ పచ్చటి నీళ్లలోకి ఉరికారు, మా ఆవిడ చీర ఎగ్గట్టి మోకాళ్ల దాకా వెళ్లింది. పెద్దమ్మ మాత్రం కొబ్బరాకుల పందిరి కింద కుర్చీ వేయించుకుంది. అల కాస్త ముందుకొస్తే కుర్చీ కాస్త వెనక్కి జరిపించేది. మధ్యాహ్నానికి ఆ కుర్చీ మోయడమే నా విహారయాత్ర అయిపోయింది. ఇక్కడ ఎవరు చూస్తారు పెద్దమ్మా, ఒక్కసారి ముట్టుకో అన్నాను. "ఎవరో చూస్తరని కాదు బిడ్డా. ఆయనతోని రావాల్సింది, ఒక్కదాన్నే వస్తి. తప్పు దినం సుత ముట్టుకుంటే ఇగ నేను వచ్చింది ఏంటికి?" అంది. తిథి మారితే చాలు, ఒక్క నిమిషం, కాలి వేళ్లు తడిస్తే చాలు అంది.

చివరి పడవ మూడూ నలభై ఐదుకు. మెడలో ఈల వేసుకున్న ఓడ ఉద్యోగి దగ్గరికి వెళ్లి, ముప్పావుగంట ఆగమని బతిమాలాను. కారణం అడిగాడు. చతుర్దశి వెళ్లి అమావాస్య రావాలని నాకొచ్చిన ఇంగ్లీషులో వివరించాను. ఆయన ఎంతో గౌరవంగా విని, ఈల ఊదాడు.

పెద్దమ్మ పేచీ పెట్టలేదు. పంచాంగాన్ని కొంగులో చుట్టుకుని, వెనక్కి చూడకుండా పడవెక్కింది. నాకు చాలా బాధేసింది. ఓడకు సగం దూరం వచ్చాక గాలి లేచింది. ఒక అల పడవ పక్కకు కొట్టుకుని, ముందు వరుసలో కూర్చున్న పెద్దమ్మను నెత్తి నుంచి పాదాల దాకా తడిపేసింది. ఆమె కదల్లేదు. పెదాలు నాకి, "ఉప్పగుంది" అంది. వెంటనే భయపడి నా చెయ్యి పట్టుకుంది. "టైమెంతయింది?"

నా గడియారంలో సరిగ్గా నాలుగు. నాలుగున్నర కావస్తోంది పెద్దమ్మా అన్నాను.

"నిజమేనా?"

నిజమే అన్నాను. ఆమె చెయ్యి చాచి, మణికట్టు దాకా నీళ్లలో పెట్టింది. పడవవాడు "హాత్ అందర్, అమ్మా" అని, చెయ్యి లోపల పెట్టమని అరుస్తున్నా, ఓడ పక్కకు చేరేదాకా తియ్యలేదు. ఓడ గుమ్మం దగ్గర ఓడవాళ్లిచ్చిన కార్డు చూపిస్తే తెర మీద ఆమె ఫొటో, కింద ఏవో అంకెలు పడ్డాయి. నీళ్లోడుతూ అక్కడే నిలబడి చాలాసేపు చూసింది. ఫొటో నచ్చిందేమో అనుకున్నాను.

ఆ తర్వాత నాలుగేళ్లు బతికింది. ఇంటికి ఎవరొచ్చినా అమావాస్య నాడు సముద్రస్నానం చేసిన కథ చెప్పేది. చెప్పినంతసేపూ నన్ను చూసేది, నేను గోడ గడియారాన్ని చూసేవాణ్ణి. మొన్న ఆ ఉబ్బిన పంచాంగంలో ఆ రోజు పేజీ వెతికాను. చతుర్దశి సా. 4-20 వరకు అన్న అచ్చు పక్కన పెన్సిలుతో పెద్దమ్మ వంకర అక్షరాలు: "ఓడ ఎక్కినప్పుడు 4-10. పిల్లగాడు అబద్ధమాడిండు. మంచిగ ఆడిండు." ఆ పిల్లగాడికి అప్పుడు అరవై ఏళ్లు. నలభై ఏళ్లు దాటిన ఆమె ఎదురుచూపులో నేను తగ్గించగలిగింది ఇరవై నిమిషాలే అనుకున్నాను ఇన్నాళ్లూ. అవి కూడా ఆమె తెలిసి నాకు వదిలిపెట్టినవే.